అర్చన వేసిన ముడి

విజయనగరం లాంగ్వేజ్ సెంటర్లో ఉన్నది ఒక్కటే ట్యూటర్ ఉద్యోగం. అది దేవికి దక్కుతుందేమోనని అర్చన భయం. ఈరోజు ఇద్దరూ సెంటర్ నడిపే మేడం ముందు పాఠం చెప్పాలి.

దేవి వాళ్లది చేపలు పట్టే కుటుంబం. వల దారాలకు మాటల చివరలు రాసిన అట్టముక్కలు కట్టి తెచ్చింది, ఒక్కో భాషకు ఒక్కో దారం. చిన్న వస్తువును ముద్దుగా పిలవాలంటే జర్మన్ మాట చివర ‘షెన్’ చేరుతుంది, ఇటాలియన్‌లో ‘ఇనో’, స్పానిష్‌లో ‘ఇతో’. దేవి టీకి వెళ్లగానే అర్చన ‘షెన్’, ‘ఇనో’ ముక్కలు విప్పి తారుమారుగా కట్టేసింది.

దేవి వచ్చి దారాలు తడిమింది. ఒక ముడి ఊడి చేతికొచ్చింది. ముక్కలు సరిచేసి పాఠం గడగడా చెప్పేసింది. ఉద్యోగం ఆమెదే!

మెట్ల దగ్గర దేవి అర్చన చెయ్యి పట్టుకుంది.

“ఒసే, మీ కొట్లో సీర పొట్లాలకేసే ముడి నా దారానికేసావేటి? మా వల ముడి జారదే. నీది ముట్టుకుంటే ఊడిపోనాది.”

అర్చన చెయ్యి విడిపించుకుంది. “మేడంకి సెప్పేస్తావా?”

“సెప్పను. రేపు రా, మా ముడి నేర్పుతాను.”

దేవి నవ్వుతూ వెళ్లిపోయింది. ఉద్యోగం కన్నా ఆ నవ్వు మీదే అర్చనకు ఎక్కువ కుళ్లు పుట్టింది.