ఆరు సెకన్ల ముక్కలు

మొయినుద్దీన్ సార్‌ను మా క్లబ్ ఎందుకు పంపించేసిందంటే బయట అందరూ చెప్పేది ఒకటే. ఏడు మ్యాచుల్లో రెండే గోల్స్. గోల్స్ కొట్టించడం ఆయన పని, కొట్టించలేకపోయాడు, పంపించేశారు. ఒమన్‌లోని ఈ సోహార్‌లో టీ తాగేచోట కూడా ఇదే మాట. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆయన్ని పంపించడానికి పనికొచ్చిన వీడియో తయారుచేసింది నేనే.

నా పేరు రామాంజనేయులు. మాది కడప జిల్లా. మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. సోహార్‌కూ సహంకూ మధ్య ఉండే అల్ మర్జాన్ ఫుట్‌బాల్ క్లబ్‌లో వీడియో పని చేస్తాను. మ్యాచ్ రోజు స్టాండ్ పైకెక్కి గ్రౌండ్ మొత్తం కనపడేలా తీస్తాను. తర్వాత కోచ్‌లు అడిగిన చోట్ల కత్తిరించి ఇస్తాను. ఇంతే నా డ్యూటీ.

మొయినుద్దీన్ సార్‌ది హైదరాబాద్. మా టీమ్‌కు అటాక్ కోచ్. ముందువరసలో ఆడేవాళ్లకు బంతిని గోల్ దాకా ఎలా తీసుకుపోవాలో నేర్పడం ఆయన పని. ఆయన పైన హెడ్ కోచ్ ఉంటాడు, యూరప్ మనిషి, తలమీద ఎప్పుడూ తెల్ల టోపీ. నలుగురిలో నేను మొయిన్ సార్ అంటాను, ఇద్దరమే ఉంటే భాయ్ అంటాను. ఆయన నన్ను ఎక్కడైనా అంజీ అనే పిలుస్తాడు.

శుక్రవారం ఏడో మ్యాచ్ ఓడిపోయాం. శనివారం పొద్దున హెడ్ కోచ్ పిలిచి, ఈ సీజన్‌లో తప్పిపోయిన గోల్ ఛాన్సులన్నీ కత్తిరించమన్నాడు. ఒక్కో ముక్క ఆరు సెకన్లే ఉండాలట. కాలికి బంతి తగలడం, అది బయటికి పోవడం, అంతే. దానికి ముందు జరిగింది ఏదీ వద్దన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నలభై ఒక్క ముక్కలు తేలాయి. వాటికి నంబర్లు వేసి, తేదీలు రాసి, చక్కగా వరసలో పెట్టి ఇచ్చాను. ఎవడూ వంక పెట్టకూడదని అంత శ్రద్ధగా చేశాను చూడండి, ఆ శ్రద్ధ మీదే ఇప్పుడు నాకు కోపం.

ఆదివారం మీటింగ్. మేనేజర్ హిలాల్, హెడ్ కోచ్, మొయిన్ సార్, లాప్‌టాప్ ముందు నేను. ముక్కలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. బయటికి, బయటికి, గోల్‌కీపర్ చేతిలోకి, మళ్లీ బయటికి. అట్లా చూస్తే ఎవరికైనా ఈ టీమ్‌కు ఎవడూ ఏమీ నేర్పలేదనే అనిపిస్తుంది. ఇరవయ్యో ముక్క దగ్గర మొయిన్ సార్ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇంగ్లిష్‌లో వాళ్లకేదో చెప్పి నావైపు తిరిగాడు.

"అంజీ, గా పదిహేనో నంబర్ మళ్ల పెట్టు. ఇంకో పది సెకన్లు ముందునుంచి పెట్టు."

మొత్తం మ్యాచ్ అదే లాప్‌టాప్‌లో ఉంది. రెండు నొక్కులు నొక్కితే వస్తుంది. హెడ్ కోచ్ టైమ్ లేదన్నాడు. నేను మౌస్ మీద చెయ్యి పెట్టి హిలాల్ మొహం చూశాను. ఆయన గడియారం చూసుకున్నాడు. నేను నొక్కలేదు.

మీటింగ్ అయ్యాక హిలాల్ నాకు ఒక కాగితం ఇచ్చి టైప్ చేయమన్నాడు. క్లబ్, కోచ్ ఇద్దరి ఇష్టంతోనే విడిపోతున్నారని మొదటి లైన్. గోల్స్ రాకపోవడానికి పూర్తి బాధ్యత తనదేనని మొయినుద్దీన్ ఒప్పుకుంటున్నాడని రెండో లైన్. సోమవారం సాయంత్రంలోగా సంతకం పెడితేనే రిలీజ్ పేపర్ ఇస్తారు. అది లేకుండా ఇంకో క్లబ్‌లో చేరలేడు. పెట్టి చేరదామంటే, ఆ రెండో లైన్ చదివి ఎవరు పిలుస్తారు? కాగితం చూసి మొయిన్ సార్ అరవలేదు. నౌకరీ పోతే పోయిందిగానీ పేరెందుకు పోవాలని మాత్రం అడిగాడు.

రూమ్‌కు వచ్చి పదిహేనో నంబర్‌ను ముందునుంచి చూశాను.

బంతి మనవాళ్ల దగ్గరుంది. జావెద్ అని సహంవైపు బలూచీ పిల్లాడు, కుడిపక్కన గాలిలా దూసుకుపోతున్నాడు. మధ్యలోంచి ఇంకొకడు పోతున్నాడు. మొయిన్ సార్ నెలరోజులు ప్రాక్టీస్ చేయించింది అదే. అప్పుడు గ్రౌండ్ అంచు గీత పక్కన తెల్ల టోపీ కనపడింది. రెండు చేతులూ ఊపుతూ వెనక్కి రండి, వెనక్కి రండి అంటోంది. పరిగెత్తేవాళ్లు ఆగి వెనక్కి తిరిగారు. ముందు స్ట్రైకర్ ఒక్కడే మిగిలాడు, చుట్టూ ముగ్గురు ఎదుటివాళ్లు. తన్నాడు, బయటికి పోయింది. నేను ఇచ్చిన ఆరు సెకన్లు అక్కడ మొదలవుతాయి.

నలభై ఒకటీ చూశాను. ఇరవయ్యారింటిలో అదే టోపీ, అవే చేతులు. తీసింది నేనే. తీసేటప్పుడు బంతిని తప్ప దేన్నీ చూడలేదు.

సోమవారం పొద్దున్నే హిలాల్ దగ్గరికి పోయి చూపించాను. నాలుగు చూసి, లాప్‌టాప్ మూత ఆయనే మెల్లగా వేశాడు.

"మాలూమ్ హై," అన్నాడు.

తెలుసట. హెడ్ కోచ్‌ను తెచ్చింది క్లబ్ ప్రెసిడెంట్‌గారే కాబట్టి ఆయన్ను కదపలేరట. స్టాండ్స్‌లో జనం తిడుతున్నారు కాబట్టి ఎవరో ఒకరిని పంపాలట. నీ పని వీడియో, నా పని క్లబ్, పోయి పని చూసుకో అని హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. పొరపాటు పడ్డారనుకుంటే ఓర్చుకునేవాణ్ణి. అన్నీ తెలిసి, ఆ రెండో లైన్ నాచేతే టైప్ చేయించారు.

నాలుగు గంటలకు ట్రైనింగ్‌కు ముందు వీడియో క్లాస్. ఆటగాళ్లందరూ వచ్చారు. హిలాల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. మొయిన్ సార్ ఆటగాళ్లకు వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. రాబోయే మ్యాచ్‌లో ఎదుటి టీమ్ వీడియో పెట్టమని హెడ్ కోచ్ చెప్పాడు. నేను పదిహేనో నంబర్ పెట్టాను, ముందునుంచి. తర్వాత పద్దెనిమిది. తర్వాత ఇరవై రెండు.

హెడ్ కోచ్ ఆపమన్నాడు. నేను ఆపలేదు. నొక్కుతూనే ఉన్నాను. ఆరోది నడుస్తుండగా హిలాల్ వచ్చి వైరు పీకేశాడు. గదిలో ఎవరూ లేవలేదు. జావెద్ ఒక్కడే లేచి నిలబడి, అందరికీ అర్థం కావాలని హిందీలో చెప్పాడు.

"మమ్మల్ని వెనక్కి పిలిచింది మొయిన్ కోచ్ కాదు. ఆయన ముందుకు పొమ్మన్నాడు."

ఆ తర్వాత ఎవరూ బూట్లు వేసుకోలేదు. హిలాల్ నన్ను వరండాలోకి లాక్కుపోయి, వీళ్లను ఇప్పుడు ఎవరు గ్రౌండ్‌లోకి దించుతారు, నువ్వు దించుతావా అని తిట్టాడు. నీ సంగతి వారాఖరున, గురువారం చూస్తానన్నాడు. ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. చివరికి, ఆటగాళ్లను శాంతింపజేయడానికి రెండో లైన్ తీసేసి కాగితం మళ్లీ ప్రింట్ తీయమన్నాడు. మొయిన్ సార్ దాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఉద్యోగం పోయింది. పేరు మిగిలింది.

కారు పెట్టేచోట ఆయన్ను కలిశాను. నిజం చెప్పాలంటే, ఒక మంచి మాట అంటాడని ఆశతోనే పోయాను.

"భాయ్, ఆ లైన్ తీసేశారు కదా," అన్నాను.

"తీసిన్రు." బూట్ల సంచి వెనక సీట్లో పడేశాడు. "ఆదివారం అడిగిన నిన్ను. పేరు పెట్టి, మన తెలుగులనే అడిగిన. రెండు నొక్కులు, అంతే. గప్పుడు నొక్కితే వాళ్లు గా కాగితమే రాయకపోదురు."

నాకు ధైర్యం చాలలేదన్నాను.

"ధైర్యం కాదు మియా. నువ్వు హిలాల్ మొహం చూసినవ్. నా మొహం చూడలే."

చెయ్యి కలపలేదు. కారు గేటు దాటి పోయింది. అంతలో గ్రౌండ్‌లోంచి విజిల్ వినపడింది. ఆటగాళ్లను ఎట్లాగో దించారు. హెడ్ కోచ్ ఎప్పటిలాగే అరుస్తున్నాడు. రోజూ ఆ విజిల్ వినగానే నేను కెమెరా తీసుకుని స్టాండ్ ఎక్కాలి.

ఆ రోజు ఎక్కలేదు.