మూడు నుంచి నాలుగు దాకా

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరక్క అనేవాళ్లు. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. ముప్పై ఏళ్లుగా మిషను ముందే కూర్చుంది కాబట్టి ఎప్పుడు పిలిచినా పలుకుతుందని అందరికీ ఓ ధీమా. జిప్పు ఊడిందని వీధిలోంచి ఒకరొస్తే, కళ్లజోడు ఎక్కడుందని లోపల్నుంచి భర్త కేకేసేవాడు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి కోడలు స్నానానికి పోయేది. ఒక చెవి వీధికీ, ఇంకో చెవి వంటింటికీ అప్పగించి ఆమె బతుకు వెళ్లదీసింది.

యాభై మూడో ఏట, ఒక మధ్యాహ్నం ఎవరిదో కోటుకి కాలరు కుడుతుంటే "అత్తయ్యా" అని వినబడింది. లేచి లోపలికి వెళ్లింది. ఎవరూ లేరు. కోడలు ఆఫీసులో ఉంది, భర్త గురక పెడుతున్నాడు. ఎవరూ పిలవకుండానే లేచొచ్చానన్నమాట, అనుకుంటూ గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పూట మళ్లీ మిషను మీద చెయ్యి ఆడలేదు.

మరుసటి వారం మునిసిపల్ ఈతకొలనులో చేరింది. మూడు నుంచి నాలుగు దాకా అక్కడ ఆడవాళ్లకి. ఈత బట్టలు తనే కుట్టుకుంది. వీధిలో సగం మంది కొలతలు ఆమెకి నోటికొచ్చు గానీ, తన నడుముకి టేపు చుట్టుకుని ఎన్నేళ్లయిందో. అంకె చూసి తనలో తనే నవ్వుకుంది.

సంగతి చెబితే భర్త చదువుతున్న పేపరు కూడా దించలేదు.

"ఈ వయసులో ఈతేంటి?"

"ఆ వయసులో కుదర్లేదు."

"మరి కొట్టు?"

"ఆ గంటసేపు మూసేస్తాను."

"జనం వస్తే?"

"నాలుగు దాటాక వస్తారు."

ఈత నేర్పే అమ్మాయికి ఆమె కూతురి వయసుంటుంది. "తల నీళ్లకి వదిలెయ్యండి ఆంటీ" అని రోజూ అదే మాట. పదకొండు రోజులు తల మాట వినలేదు. పన్నెండో రోజు వెల్లకిలా తేలింది. చెవులు నీళ్లలో మునిగాయి. ఇక ఎవరి పిలుపూ లేదు. తన ఊపిరి తనకే వినిపిస్తోంది. ఎన్నేళ్లుగానో బిగదీసి ఉన్న దారం లోపలెక్కడో వదులైనట్టనిపించింది. ఏడుపు కాదు గానీ కళ్లు తడయ్యాయి. నీళ్లలో ఆ తడి ఎవరికి తెలుస్తుంది?

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు కొలను వాచ్‌మన్ గట్టుకి దూరంగా, మొహం అటు తిప్పుకుని నిలబడి పిలిచాడు.

"అక్కా, మీ ఆయన గేటు దగ్గరున్నారు. మీ వదినగారు వచ్చారంట, రమ్మంటున్నారు."

"ఎవరికన్నా ఒంట్లో బాలేదా?"

"లేదంట. టీ పెట్టాలంట."

"టైమెంత?"

"మూడుంబావు."

"నాలుగింటికి వస్తానని చెప్పు."

అనడమైతే అనేసింది గానీ ఒళ్లు నీళ్లకి వదల్లేకపోయింది. తేలబోయి మునిగింది, నీళ్లు మింగింది, దగ్గింది. మిగతా ముప్పావుగంటలో సుఖమన్నది లేదు. అయినా నాలుగయ్యేదాకా గట్టు ఎక్కలేదు.

ఇంటికొచ్చేసరికి భర్త అక్కగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"ఏమ్మా, మీ పుట్టింటివాళ్లొచ్చినా ఇలాగే చేస్తావా?"

"ఎవరొచ్చినా ఇంతే వదినా. నాలుగు దాటాక ఎంతసేపైనా కూర్చుని కబుర్లు చెప్పుకుందాం."

"నా పరువు తీశావు," అన్నాడు భర్త.

ఆమె తడి జుట్టు ముడేసుకుంటూ నెమ్మదిగానే అంది. "ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. టైమయ్యాక ఎవరు పరిగెత్తుకొచ్చినా ఆపేవారు కాదు. పైగా అదే గొప్పగా చెప్పుకునేవారు. నాకూ ఒక టైముంది. అంతే."

ఆయన అక్క వైపు ఓసారి చూసి, పేపరు అందుకున్నాడు. ఆవిడ టీ తాగే వెళ్లింది గానీ, కప్పు గట్టిగా చప్పుడయ్యేలా పెట్టింది.

తర్వాత తొమ్మిది రోజులు, ఆమె కొలనుకి బయల్దేరే వేళకి భర్త పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పట్నుంచో బట్టలు కుట్టించుకునేవాళ్లు ఇద్దరు పక్కవీధి టైలరు దగ్గరికి మారిపోయారు. వాళ్లలో ఒకామె, తను కుట్టు పని నేర్చిన నాటి నుంచీ తెలిసిన మనిషి కావడంతో టైలరక్కకి ఆ దెబ్బ బాగానే తగిలింది. అయినా మూడు నుంచి నాలుగు దాకా కొట్టు మూత అని రాసి తలుపు మీద అంటించిన కాగితం తియ్యలేదు.

"గంటసేపు నీళ్లలో ఏం చేస్తారత్తయ్యా?" అని కోడలు ఒకరోజు అడిగింది.

"తేలతాను."

"అంతేనా?"

"అంతే."

కోడలికి ఇంకేదో అడగాలని ఉన్నట్టుంది. అత్తగారి తడి తువ్వాలు తీసి దండెం మీద ఆరేసింది.

ఎండాకాలంలో శుభ్రం చెయ్యడానికి కొలను పది రోజులు మూసేశారు. భర్త మొహం వికసించింది. "ఇంకేం, హాయిగా ఇంట్లో ఉండు" అన్నాడు. మూడు కాగానే ఆమె మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుంది.

"ఈత లేదుగా, ఎక్కడికి?"

"గంట ఉందిగా."

వెళ్లి కొలను గేటు బయట చెక్కబల్ల మీద కూర్చుంది. వాచ్‌మన్ వచ్చి లోపల నీళ్లు లేవన్నాడు. తెలుసంది. సంచిలో ఫోను మోగింది. ఇంటినుంచే. ఎవరికేమైందో అని తీసి అడిగింది. కత్తెర కనపడటం లేదట. "నాలుగింటికి వచ్చి వెతుకుతాను" అని చెప్పి ఫోను కట్టేసి, చెప్పులు విప్పి, కాళ్లు ముందుకి చాపుకుంది.