తిరగేసి కట్టిన బొంత

మధ్యాహ్నం బండి మూడు గంటలు ఆలస్యమని స్టేషన్లో చెప్పగానే వడ్రంగి భార్య, "కూర్చుని కూర్చుని నడుం కొయ్యబారింది. అలా ఊళ్ళోకి పోయొద్దాం పద" అంది. ఆవిడ చెల్లెలి ఇంటికి పోయి తిరిగొస్తున్నారు ఇద్దరూ. నాలుగు వీధులు దాటారో లేదో వాన అందుకుంది. ఎదురుగా ఎత్తు గోడల పాత కట్టడం, బార్లా తీసిన పెద్ద తలుపు కనిపించాయి. గబగబా దూరారు.

లోపల బల్ల వేసుకుని కూర్చున్న అమ్మాయి లేచి, "రండి పిన్నిగారూ. ఇది ఒకప్పటి జైలు. నూటయాభై ఏళ్ళ కిందట కట్టింది. ఇప్పుడు ఇందులో పాత బొంతల ప్రదర్శన పెట్టాం. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కుట్టుకున్నవే. టిక్కెట్టేం లేదు" అంది.

"జైలుకి టిక్కెట్టు పెడితే ఎవరొస్తారమ్మా!" అని ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నిన్నొక్కసారైనా జైల్లో పెట్టించాలని ఎన్నాళ్ళనుంచో ఉంది. ఇవాళ్టికి కుదిరింది."

వడ్రంగి ఊ అన్నాడు. అతనికి మాట మొదట్నుంచీ పొదుపే. అయినా ఆ ఎకసెక్కం చెవికి హాయిగా తగిలింది. ఆవిడ నోట హాస్యం మళ్ళీ మొలకెత్తి రెండేళ్ళే అయింది. అంతకుముందు నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఉలి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

నడవాకి రెండు వైపులా గదులు. గదికొక బొంత, దాని మీదికి ఒక దీపం. తలుపులన్నీ టేకువి, గడియలు బయటికి. ఆవిడ ఒక్కో గది ముందూ ఆగి తీర్పు చెబుతోంది. "ఇది తొందర కుట్టు. పొయ్యి మీద ఏదో పడేసి వచ్చి కుట్టింది." ఇంకోటి చూసి, "దీన్ని అత్తా కోడలూ కలిసి కుట్టారు. సగానికీ సగానికీ మాటల్లేవు చూడు."

వడ్రంగి తలుపుల బందులు చూసుకుంటూ ముందుకు నడిచాడు. ఏడో గదిలో అడుగుపెట్టి అక్కడే పాతుకుపోయాడు.

నీలం దుప్పటి. కుడి మూల లక్క మరక, అరచెయ్యంత. ఆ మరక చేసింది తనే. ఆ దుప్పటి తనదే. దాన్ని అడుగు గుడ్డగా వేసి ఆవిడ బొంత కుట్టింది. వీళ్ళు దాన్ని తిరగేసి కట్టారు. అడుగు జనం వైపుంది, ముఖం గోడ వైపుంది. గోడ వైపున, నడిమధ్యలో, పసుపు గౌను ముక్క ఉంటుంది.

తమ నాలుగేళ్ళ పిల్లకని మొదలెట్టిన బొంత అది. జ్వరం మూడు రోజుల్లో పిల్లని ఎత్తుకుపోతే, పిల్ల గౌను కత్తిరించి మధ్యలో వేసి ముగించింది. ఆ తర్వాత పొద్దస్తమానం దాన్ని పరుచుకుని పక్కన కూర్చునేది. పొయ్యి వెలిగేది కాదు. పిలిస్తే పలికేది కాదు. కంటికి కనిపించకపోతే మనసు కుదుటపడుతుందనుకున్నాడు వడ్రంగి. పుల్ల విరిగి కాల్లో ఉండిపోతే పీకి పారెయ్యమూ, అలాగే అనుకున్నాడు. ఆవిడ పుట్టింటికి పోయిన రోజున, పాతబట్టలకి గిన్నెలిచ్చేవాడు వీధిలోకి వస్తే ఇచ్చేశాడు. ఉతికి బండ మీద ఆరేస్తే వాగు పొంగి పట్టుకుపోయిందని చెప్పాడు.

ఆవిడ మూడు రోజులు వాగు వెంట పొదపొదా వెతికింది. అబద్ధమాడినవాడు, అతనూ వెంట నడిచి వెతికాడు.

"ఏమే, పోదాం. వాన తగ్గింది" అన్నాడు నడవాలోకొచ్చి.

"తగ్గితే తగ్గనీ. బండికింకా రెండు గంటలుంది."

"నాకిక్కడ ఊపిరాడటం లేదు."

"అయితే పోయి గుమ్మంలో నిలబడు. నాకింకా నాలుగున్నాయి."

అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ మోచేత్తో అతన్ని పక్కకి జరిపి లోపలికొచ్చింది. ఈసారి తీర్పేమీ చెప్పలేదు. దగ్గరికి పోయింది. ఆవిడది ఎడమచేతివాటం, కుట్లన్నీ అందరివాటికీ ఎదురు వాలుగా ఉంటాయి. దారం చివర ముడి వెయ్యదు. పిల్ల వీపుకి గుచ్చుకుంటుందని మూడుసార్లు వెనక్కి కుట్టి తెంపుతుంది. వేలితో ఒక వరుస పట్టుకుని ఆ చివరిదాకా పోయింది. ఒకటి, రెండు, మూడు.

"అమ్మాయ్!" అని కేకేసింది. "దీన్ని తిరగేసి కట్టారు. ఇటు తిప్పు."

అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "ముట్టుకోకూడదు పిన్నిగారూ..." అంటూనే ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది. తనే మెల్లగా బొంతని సగం దాకా ఎత్తి పట్టుకుంది. పసుపు గౌను. జేబు మీద ఊడిపోయిన బొత్తం జాగా.

ఆవిడ దాని మీద చెయ్యి వేసింది.

"కింద అట్ట మీద ఏదో రాశారే. ఏమని?" అంది ఆవిడ. ఆవిడకి చదువు లేదు. ఆ ఇంట్లో చదవడమన్నది అతని పని.

వడ్రంగి అట్ట మీదికి వంగాడు. "కుట్టినవారు ఎవరో తెలియదు."

"ఇంకా?"

"అంతే."

"మూడు వరుసలున్నాయి. నువ్వు ఒకటే చదివావు. చదవడం రాదుగానీ వరుసలు లెక్కపెట్టడం నాకు రాదా?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఎండిపోయింది.

"పాతబట్టలకి... గిన్నెలిచ్చే వర్తకుడి దగ్గర దొరికింది" అని చదివాడు. "ఆరేళ్ళ కిందట."

ఆవిడ అతని వైపు తిరగలేదు. గౌను మీద చెయ్యి అలాగే ఉంది.

"గిన్నెలా? మనకేమిచ్చాడు?"

"బిందె."

ఆరేళ్ళుగా పొద్దునా సాయంత్రం ఆ బిందెతోనే నీళ్ళు మోస్తోంది. సంతలో తెచ్చానంటే, మంచి బరువుంది, మోసపోలేదని మెచ్చుకుంది కూడా. ఇప్పుడు తన ఎడమ నడుమును, బిందె ఆనే చోటును, ఒకసారి చేత్తో తుడుచుకుంది.

అమ్మాయికి సంగతి సగమే అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, "కుట్టింది మీరేనా పిన్నిగారూ? పేరు చెప్పండి, రాసుకుంటాను" అంది.

"నా పేరెందుకులే. పిచ్చిక గౌను అని రాయాలి. నువ్వు కాదు, అతను రాస్తాడు."

పిచ్చిక. పిల్లకి పెట్టుకున్న ఆ ముద్దుపేరు ఇంట్లో అతను పలికి ఆరేళ్ళు దాటింది. చెవి మీది పెన్సిల్ తీసి అట్ట మీద ఆనించాడు. కొయ్య మీద వెంట్రుకవాసి తేడా లేకుండా గీత గీసే చెయ్యి ఆ పేరులోని మూడక్షరాలకి మూడుసార్లు ఆగింది.

"రాశావా? చదువు."

చదివాడు.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాడు.

ఆవిడ బొంత కింద నేల మీద చతికిలబడింది. "బండి టైమైతే నువ్వెళ్ళు. ఇంట్లో నీళ్ళుండవు. బిందె తీసుకుని పట్టుకొచ్చుకో."

వడ్రంగి వెళ్ళలేదు. లోపలికి పోయి పక్కన కూర్చునే ధైర్యమూ రాలేదు. బయటికి గడియ ఉన్న ఆ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. బండి వేళకి దూరంగా కూత వినిపించింది. ఇద్దరూ విన్నారు.