పగులున్న మాట

ఉదయం ఏడయ్యేసరికి సీతారాం గారి వరండాలో నలుగురైదుగురు చేరిపోవడం ఆ రైల్వే కాలనీలో మామూలే. ఒకాయన అద్దెకొస్తానన్న మనిషిని వెంటబెట్టుకొస్తాడు. ఒకావిడ పెళ్లికొడుకు మేనమామను టీకని పిలిచి, మాటల్లో పెట్టి, మెల్లగా ఆ గుమ్మంలోకి నడిపించుకొస్తుంది. పెద్ద కూతురు హేమ అందరికీ టీలు పోసి, తనూ ఇంత తాగి, స్టేషన్ ఎదుట జెరాక్స్ షాపులో డ్యూటీకి పోతుంది.

సీతారాం టాటానగర్ స్టేషన్లో ముప్పైనాలుగేళ్లు చక్రాలు తట్టి చూసిన మనిషి. బండి వచ్చి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని దాని వెంబడి నడిచేవాడు. ప్రతి చక్రాన్నీ ఒక దెబ్బ కొట్టి చెవొగ్గేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత పగులున్నా దబ్బుమంటుంది. దబ్బుమంటే ఆ పెట్టె మీద సుద్దతో ‘సిక్’ అని రాసి పక్క లైన్లోకి తోయించేవాడు. గార్డొచ్చి బతిమాలినా, పైనుంచి ఫోనొచ్చినా ‘ఫిట్’ అని సంతకం పెట్టేవాడు కాదు. రిటైరైనప్పుడు సుత్తిని డిపార్ట్‌మెంటుకి అప్పజెప్పేశాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. బిష్టుపూర్ బజార్లో అలాంటిదే ఇంకోటి కొనుక్కుని, తట్టడానికి చక్రాల్లేక, మాటల్ని తట్టడం మొదలుపెట్టాడు. ఎదుటి మనిషి మాటనగానే అది గాల్లో నిలబడిన చోట ఒక్క దెబ్బ వేస్తాడు. మంచి మాటైతే ఖంగుమంటుంది, పగులుంటే దబ్బుమంటుంది.

బాగా మోగిన మాట ఆ మోతతో పాటే ఎంత దూరమైనా పోయి, అది ఎవరి కోసమో వాళ్లకు చేరుతుంది. పోయినేడు పోలరాజు ఆ వరండాలో కూర్చుని “తప్పు నాదే” అంటే, అలిగి ఊరికి ఆ చివర సిద్ధగోరాలో పుట్టింటికెళ్లి కూర్చున్న పెళ్లానికి వినబడింది. సాయంత్రానికి ఆవిడ సంచీతో సహా దిగింది. అంతకుముందు మూడు వారాలు అతగాడు ఏమేం చెప్పుకున్నాడో, ఎన్ని దబ్బులు మోగాయో కాలనీకంతా తెలుసు.

ఆ శనివారం మాత్రం హేమ డ్యూటీకి పోలేదు. వరండాలో ఉన్నవాళ్లను “ఇయాళ కుదరదండి, రేపు రండి” అని పంపేసి, చేతిలో కాగితం పట్టుకుని తండ్రి ముందు కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి కమ్యూనిటీ హాల్లో మీటింగు. శ్రుతిధామం అనే ఆశ్రమం నుంచి బయటికొచ్చేసిన పన్నెండు మంది, లోపల ఏం జరుగుతుందో జనం ముందు చెప్పబోతున్నారు. రెండు హిందీ పేపర్ల వాళ్లు వస్తామన్నారు, లోకల్ చానల్ కెమెరా కూడా వస్తోంది. మొదట మాట్లాడాల్సింది హేమ.

శ్రుతిధామం సువర్ణరేఖ నదికి అవతల, మాంగోలో ఉంది. అక్కడి ధ్యానమందిరంలో శ్రద్ధగా కూర్చుంటే చనిపోయిన మనవాళ్ల గొంతు వినిపిస్తుందని బాబాజీ చెబుతాడు. వినిపించలేదంటే శ్రద్ధ చాలలేదన్నమాట. శ్రద్ధ పెరగాలంటే సేవ చెయ్యాలి. సేవ అంటే వంటశాలలోనో, అగరొత్తుల షెడ్డులోనో నడుం విరిగేదాకా పని. తల్లి జోగమ్మ పోయిన ఏడాదికి హేమ అందులో చేరింది. నాలుగేళ్లుండి, రెండేళ్ల కిందట ఎలాగో బయటపడింది. ఆమె చెల్లెలు ఉజ్వల ఇంకా అక్కడే ఉంది. రేపు ఆదివారం ఉజ్వలకు మహామౌనం ఇస్తారు. అది పుచ్చుకున్నవాళ్లు మళ్లీ నోరు విప్పరు, ఇంటివాళ్ల మొహం చూడరు. చెల్లి ఇవాళ బయటికి రాకపోతే ఇక రాదని హేమకు తెలుసు.

“సదువు,” అన్నాడు సీతారాం.

“పొద్దున్న మూడింటికి లేపి పద్నాలుగు గంటలు పని చేయించేవారు.”

ఖంగుమంది.

“మా ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవారు.”

ఖంగు.

“జ్వరమొస్తే మందివ్వలేదు. శ్రద్ధ లేకే వచ్చిందన్నారు.”

ఈసారి వంటింట్లో గిన్నెలు కూడా కదిలాయి. హేమకు ధైర్యం వచ్చింది. గొంతు పెంచింది.

“మమ్మల్ని మోసం చేసి చేర్చుకున్నారు.”

దబ్బు.

సీతారాం సుత్తి కిందికి దించి, మళ్లీ అనమన్నాడు. హేమ మళ్లీ అంది. మళ్లీ దబ్బే.

“అదేటి నాన్నా? అది అబద్ధమా? నీ సుత్తికే ఏదో అయినాది.”

“సుత్తికేటీ అవనేదు. అబద్ధమని నానన్లేదు, పగులుందన్నాను. ముక్కలు సేసి సెప్పు.”

“మోసం చేశారు,” అంది. ఖంగుమంది. “నన్ను మోసం చేశారు,” అంది. అదీ మోగింది. ఇక మిగిలింది ఒక్క ముక్కే.

“మమ్మల్ని.”

దబ్బు.

“మమ్మల్నంటే ఎవుర్నే?” అని అడిగాడు సీతారాం. హేమ కాగితం మడవబోయింది. ఆయన రెట్టించలేదు. చెవి మీది పెన్సిలు తీసి, ఆ వాక్యం పక్కన ‘సిక్’ అని రాసి లేచాడు.

“దీనికి నాను ఫిట్ ఇవ్వను. పగులెక్కడుందో నీకు తెలుసు. నాకు సెప్పక్కర్నేదు. బండి కదిలీలోగా సరిసేసుకో,” అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

తెలియకేం, హేమకు బాగా తెలుసు. ధామంలో ఇంటి మనిషిని ఇంకొకర్ని తెచ్చినవాళ్లను మందిరంలో ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ఏడాదిపాటు వెనక వరసలో కూర్చుని ఏమీ వినపడక, ముందుకెళ్తేనైనా అమ్మ గొంతు వినపడుతుందని ఆశపడింది. ఉజ్వల అప్పుడు డిగ్రీ ఆఖరేడు. ఇలాంటివి చెబితే నవ్వే రకం. ఆ పిల్లను నమ్మించడానికి హేమ ఒక మాటంది. ఇంట్లో అనే ధైర్యం లేదు, ఇంట్లో సుత్తి ఉంది. అందుకని మాంగో బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఆటో ఇరుక్కున్నప్పుడు అంది. “నాకు అమ్మ గొంతు ఇనిపించినాదే. ‘సిన్నది రాదేటి’ అని నిన్నే అడుగుతోంది.” ఉజ్వల ఆమె మొహంలోకి చూసి, ఏడ్చి, అట్నుంచటే ధామానికి వచ్చేసింది. అది జరిగి ఐదేళ్లు.

బయటికొచ్చాక హేమ బాబాజీ గురించి ఎక్కడైనా చెప్పింది, ఎవరికైనా చెప్పింది. ఈ ఒక్కటే మింగేసింది. ఆర్నెల్ల కిందట ధామం గేటు దగ్గర ఉజ్వల రెండు నిమిషాలు కనబడింది. ఇంటికొచ్చెయ్యమంటే తల అడ్డంగా ఊపింది. “నీకు ఇనపడిపోయింది కాబట్టి నువ్వెలిపోయావు అప్పా. ముఝే అభీ తక్ నహీ, నాకింకా ఇనపడనేదు. నా శ్రద్ధే చాల్లేదు,” అంది. ఆ గేటు దగ్గర ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది. హేమ చెప్పలేకపోయింది. తల్లి పేరు మీద అబద్ధమాడానని తండ్రికి తెలుస్తుందన్న సిగ్గు ఆమెను ఆపేసింది. ఆ సిగ్గుతోనే రెండేళ్లుగా కాపురం చేస్తోంది.

మూడున్నరకు పైడిబాబు బండి మీద వచ్చాడు. అగరొత్తుల షెడ్డులో మూడేళ్లు పనిచేసి బయటపడినవాడు, ఈ మీటింగు పెట్టించిందీ అతనే. కాగితం చూసి, ‘సిక్’ రాసున్న వాక్యం దగ్గర ఆగాడు.

“ఇది తీసీ, మిగతాయి సాలు,” అన్నాడు. “ధామం సెక్రెటరీ వెంకటరమణ ముప్పైమందిని తెల్లబట్టల్లో తోలుకొత్తన్నాడంట, ముందు కుర్చీలన్నీ ఆళ్లే. నీ నోటితో నీ తప్పు నువ్వే ఒప్పుకుంటే అదే పట్టుకుంటారు. మత్ బోల్ దీదీ, సెప్పకు.”

“నా తప్పేటో నీకు తెలుసేటి?”

“తెల్దు. తెలియక్కర్నేదు కూడా.”

హేమ నవ్వేసి బండెక్కింది. ఎందుకో ఆమెకు ఒళ్లు తేలిగ్గా ఉంది. చెప్పాలా వద్దా అన్న ప్రశ్న పొద్దున్న నాన్న వెళ్లి స్నానాల గది తలుపు మూసుకున్నప్పుడే తెగిపోయింది. ఇక చెప్పడమే మిగిలింది.

హాల్లో ముందు మూడు వరసలూ తెల్లగా ఉన్నాయి. వెంకటరమణ ఒళ్లో ఫైలు పెట్టుకుని మొదటి కుర్చీలో కూర్చున్నాడు. పక్కనే ధనమ్మ అనే ముసలావిడ. ఏడాదిగా చనిపోయిన కొడుకు గొంతు రోజూ వింటున్నదని ధామంలో ఆవిడకు పెద్ద పేరు. చివర్లో ఆవిడ చేత మాట్లాడించాలని తెచ్చారు. సీతారాం స్టేజీ పక్కన సుత్తితో నిలబడితే కెమెరా కుర్రాడు “అంకుల్, థోడా సైడ్” అన్నాడు. ఆయన అంగుళం కూడా జరగలేదు.

హేమ చదివింది. ఒక్కో వాక్యం ఖంగుమంటుంటే వెనక కుర్చీల్లో కాలనీ జనం తలలూపారు. జ్వరం సంగతి దగ్గరికి వచ్చేసరికి వెంకటరమణ లేచాడు.

“ఒక్క ప్రశ్న అమ్మా. ధామం ఎవరింటికీ వెళ్లి ఎవర్నీ పిలవలేదు. మీ చెల్లెల్ని తీసుకొచ్చింది మీరే. అవునా?”

సీతారాం సుత్తికి మనవాళ్లూ పరాయివాళ్లూ లేరు. ఆయన ఆ మాటనూ తట్టాడు. ఖంగుమంది. పైడిబాబు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

హేమ కాగితం మడిచి పక్కన పెట్టింది. చదువుతున్నంతసేపూ పుస్తకంలో మాటల్లా వచ్చినవి, కాగితం వదలగానే ఇంట్లో మాటలైపోయాయి.

“అవును, నేనే తెచ్చాను. ఉజ్వలా, ఇది నీకే సెప్తన్నాను. అమ్మ గొంతు ఇన్నానని ఆ దినం ఆటోలో నీకు అబద్ధం ఆడినాను. ముందు వరసలో కూకుందామని ఆడినాను. నాకు ఇనపడనేదే. నాలుగేళ్లలో ఒక్కపాలి, ఒక్క ముక్క ఇనపడనేదు. నీ శ్రద్ధకేటీ తక్కువ నేదు. నన్ను ఆళ్లు మోసం సేసినారు, నిన్ను నేను మోసం సేసినాను.”

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. హేమ తండ్రి మొహం చూసింది. చనిపోయిన భార్యను అడ్డం పెట్టుకుని కూతురు ఆడిన అబద్ధం ఇప్పుడే ఆయనకు తెలిసింది. కోపం వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి, రెంటినీ దాచుకోలేదు. అయినా కొట్టాడు.

ముప్పైనాలుగేళ్లలో ఏ చక్రమూ అలా మోగలేదు. ఫ్యాన్ల రెక్కలు గణగణమన్నాయి. యార్డులో ఆగున్న గూడ్సు బండి మొదటి పెట్టె నుంచి ఆఖరి పెట్టె దాకా ఆ మోతను అందుకుంది. అది ఉక్కు కార్ఖానా చప్పుడును దాటుకుని సువర్ణరేఖ వైపు పోయింది. అందరూ కాసేపు ఆ వైపే చూశారు. తర్వాత వెంకటరమణ తేరుకున్నాడు.

“విన్నారుగా? అబద్ధాలాడే మనిషినని ఆవిడే ఒప్పుకుంది. ఇలాంటివాళ్ల మాటలా మీరు రాసుకునేది?”

“రాసుకోండి,” అంది హేమ పేపరు వాళ్లతో. “అది మాత్రం పెద్దచ్చరాల్లో రాసుకోండి.”

ఆమె తర్వాత పైడిబాబు మాట్లాడాడు. అతని తర్వాత మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ‘మమ్మల్ని’ అనలేదు. ‘నన్ను’ అన్నారు, కొందరు ‘నేను’ అన్నారు, ఎవరెవర్ని తీసుకెళ్లారో పేర్లు చెప్పారు. హేమ చెవులు మాత్రం వాకిలి దగ్గరే ఉన్నాయి. ఐదైంది. అయిదుంపావైంది. మాంగో బ్రిడ్జి మీద ఆ వేళప్పుడు ఎంత రద్దీ ఉంటుందో తనకు తాను చెప్పుకుంటూ కూర్చుంది.

ఐదున్నరకు ఉజ్వల వచ్చింది. తెల్లచీర, మోచేతుల దాకా గోధుమపిండి. రొట్టెలు చేస్తూ చేస్తూ ఆ మోత విని లేచొచ్చేసినట్టుంది. ఎవరినీ చూడకుండా తిన్నగా అక్క దగ్గరికి నడిచింది.

“సచ్ బోలీ తూ, అప్పా?”

“ఊఁ.”

“ఏక్ బార్ భీ నహీ?”

“ఒక్కపాలీ లేదే.”

ఉజ్వల పిండిచేతులతోనే మొహం కప్పుకుంది. చేతులు తీసేసరికి మొహమంతా తెల్లగా, కళ్ల కింద రెండు తడిచారలు.

“ఐదేళ్లు. అమ్మకు నామీద కోపం అనుకున్నాను. నీకు ఇనబడి నాకు ఇనబడకపోతే ఇంకేటనుకోవాలి?”

“అమ్మకి నీమీద కోపమేటే, పిచ్చిగుంటా.”

“కోపం నాకుంది నీమీద. సాలా ఉంది. ఇంటికెల్లాక సూసుకుందాం,” అని, చెల్లెలు స్టేజీ మీది మైకు తీసుకుంది. ‘ఇంటికెల్లాక’ అన్న మాట ఒక్కటే హేమ చెవుల్లో నిలిచిపోయింది. మిగతా జీవితమంతా తిట్టినా సరే, ఆ మాట చాలనుకుంది.

“నా పేరు ఉజ్వల,” అంది మైకులో. “రేపు నాకు మహామౌనం. ఐదేళ్లున్నాను ధామంలో. అందరికీ ఇనబడతందని, నాకొక్కదానికే ఇనపడనేదని అనుకున్నాను. అడిగితే సిగ్గేసి, ఇనబడతందనే సెప్పీదాన్ని. నాకు ఎవరి గొంతూ ఇనపడనేదు.”

తెల్లబట్టల వరసల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. ముందు ఓరగా, తర్వాత సూటిగా. వెంకటరమణ చప్పున లేచి మైకు అందుకుని ధనమ్మ చేతిలో పెట్టాడు. “చెప్పండమ్మా. మీ అబ్బాయి రోజూ మీతో ఏమంటాడో అందరికీ చెప్పండి.”

ధనమ్మ లేచి నిలబడింది. మైకును రెండు చేతులా పట్టుకుంది. ఉజ్వల మొహం మీది పిండిని చాలాసేపు చూసింది.

“నాకూ ఇనపడనేదు తల్లీ,” అంది.

వెంకటరమణ మైకు కోసం చెయ్యి చాచాడు. ధనమ్మ దాన్ని అవతలి పక్క కుర్చీలో తెల్లబట్టల్లో ఉన్న మనిషి చేతికిచ్చింది.