గుడ్ల అట్టలో బేరింగులు

ఇజ్జాకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మీమూనా టాక్సీ తన మొగుడి రిపేరు షెడ్డుకి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుందని. పిల్లకి జ్వరం వచ్చినా భయమే, పొయ్యి దగ్గర గ్యాసు వాసన వచ్చినా భయమే. కానీ ఆ పాత డీజిల్ టాక్సీ అజ్రూ ఊళ్ళో సంత వీధి మలుపు తిరిగిన చప్పుడు వినబడితే మాత్రం, రొట్టెల పిండి చేతులకి అంటుకున్నది అంటుకున్నట్టే ఎండిపోయేది.

మొగుడు పోయాక అతని టాక్సీని మీమూనాయే తోలుకుంటోంది. అజ్రూ నుంచి కొండ కనుమ మీదుగా మిదెల్త్‌కి, మళ్ళీ వెనక్కి. ముందు ఇద్దరు, వెనక నలుగురు. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండోది కిటికీ అంచు మీద. ఇజ్జాని ఆరో క్లాసులోనే బడి మాన్పించారు, తమ్ముడు పుట్టాడు, ఎత్తుకునే మనిషి కావాలని. స్టీరింగు మాట అటుంచి, ఒంటరిగా టాక్సీలో కిటికీ పక్క సీటు అడిగి కూర్చోవడం కూడా ఇజ్జాకి చేతకాదు.

ఈసారి ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. ఇంటి కిందే షెడ్డు. ఇజ్జా మొగుడు హమ్మూ ఇంజను లోపల తిరిగే ఇరుసుని, క్రాంకుని, బయటికి తీసి, దాన్ని పట్టి ఉంచే బేరింగు చిప్పల్ని, నెలవంకల్లాంటి ఆ రేకుల్ని, ఒక్కొక్కటే తుడిచి గుడ్ల అట్టలో వరసగా పేర్చాడు. ఏది ఎక్కడిదో గుంట పక్కన రాసుకున్నాడు. షెడ్డులో దుమ్మని అట్టని పైకి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు.

"కొత్తవి ఎప్పుడు తెస్తావు?" అంది ఇజ్జా, టీ పోస్తూ.

"తేను. ఇవే వేస్తా."

"ఇవేనా? క్రాంకు విప్పితే బేరింగులు మార్చాల్సిందే అని వచ్చినవాడికల్లా పాఠం చెప్పేది నువ్వేగా?"

"అది మెక్నెస్‌లో స్పేర్ పార్టుల ముసలాయన కొట్టు ఉన్నప్పటి సంగతి. ఇప్పుడు డబ్బా చూస్తే అసలుది, లోపల సరుకు నకిలీ. వీటిని చూడు. గోరు ఆడిస్తే ఎక్కడా తగులుకోదు. పైపూత అరిగి లోపలి రాగి ఎక్కడా బయటపడలేదు. కొలిచాను కూడా. ఇవి ఇంకా చాలా కాలం తిరుగుతాయి."

ఒక చిప్పని కిటికీ వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తన మొహాన్ని అంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంది ఇజ్జా.

అప్పుడే మెట్ల మీంచి మీమూనా గొంతు. "మాలెమ్! నా ముసలిదాని గుండె ఎలా ఉంది?" మేస్త్రీలందరినీ ఊళ్ళో అలాగే పిలుస్తారు. కానీ ఈమె పిలుపులో ఏదో సాగదీత ఉందని ఇజ్జాకి అనుమానం. మీమూనా పైకి వచ్చి, ఇజ్జా పిల్ల యామ్నా చేతిలో మిదెల్త్ ఆపిల్ పెట్టి, "చెల్లీ, మీ ఆయన చేతుల్లో ఏదో మహిమ ఉంది. నా మొగుడి మాట వినని బండి ఈయన మాట వింటుంది" అంది.

"మా ఆయన చేతుల్లో ఉన్నది గ్రీజు, లల్లా మీమూనా. తువ్వాళ్ళు ఉతికేదాన్ని, నన్నడుగు" అంది ఇజ్జా, లల్లా అన్న మర్యాద పిలుపుని కాస్త నొక్కి.

మీమూనా పగలబడి నవ్వింది. హమ్మూ కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వడం ఇజ్జా గుండెలో ముల్లులా దిగింది.

ఆ రోజంతా చేతులు గిన్నెలు తోముతున్నా, మనసు లెక్కలు వేస్తూనే ఉంది. కొత్తవి వేస్తే ఆ బండి ఏళ్ళ తరబడి తిరుగుతుంది, ఈవిడ మొహం చూడక్కర్లేదు. పాతవి వేస్తే మళ్ళీ మొరాయిస్తుంది, మళ్ళీ వస్తుంది. ఎవరికీ వెయ్యని పాతవి ఈవిడకే ఎందుకు వేస్తున్నాడు? రావాలనే! మళ్ళీ మళ్ళీ రావాలనే!

మర్నాడు పొద్దున పాత సామాన్ల బండివాడు గాడిదని తోలుకుంటూ సందులోకి వచ్చాడు. ఇజ్జా గుడ్ల అట్టని పాత స్వెట్టర్‌లో చుట్టి ఇచ్చేసింది. వాడు బరువు చూసి, "ఏంటి తల్లీ, ఇనప గుడ్లు పెట్టే కోళ్ళున్నాయా మీ ఇంట్లో?" అన్నాడు. ఆమె తలుపేసుకుంది.

హమ్మూ ఫ్రిజ్ వెనకా, మంచం కిందా, చివరికి నీళ్ళ తొట్టిలో కూడా వెతికాడు. "యామ్నా లాగిందేమో, చెత్తతో పాటు పోయాయేమో" అంది ఇజ్జా. ఏమీ ఎరగని పిల్ల ఆపిల్ కొరుకుతూ నాన్న వంక చూసింది. బండి కదలకపోతే మీమూనా ఇంట్లో పొయ్యి వెలగదు. హమ్మూ మెక్నెస్ వెళ్ళి కొత్త డబ్బా తెచ్చాడు. చేతికి తేలిగ్గా ఉన్నాయని గొణుక్కుంటూనే బిగించాడు.

"కొన్నాళ్ళు నెమ్మదిగా తోలు, లల్లా. ఆరుగుర్ని ఎక్కించకు. కింద నుంచి టకటకమని చప్పుడొస్తే అక్కడే ఆపెయ్."

"ఆరుగురు ఎక్కకపోతే డీజిల్ నువ్వు పోస్తావా, మాలెమ్?" అని నవ్వి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది మీమూనా.

ఇజ్జాకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరం మూణ్ణాళ్ళు కూడా నిలవలేదు.

నకిలీ డబ్బాలో లెక్క కూడా సరిగ్గా ఉండదు కాబోలు, ఒక చిప్ప ఎక్కువ వచ్చింది. మధ్యాహ్నం భోజనం దగ్గర హమ్మూ ఊరికే దాన్ని కత్తి మొనతో గీశాడు. పైపూత ఉల్లిపొరలా లేచి పళ్ళెంలో పడింది. ఇలాంటివాటితో ఆరుగుర్ని మోస్తూ కనుమ ఎక్కితే ఇంజను దారిలోనే పట్టేస్తుంది. వెంటనే మీమూనాకి ఫోను చేశాడు. మోగలేదు. కనుమ పైన సిగ్నల్ ఉండదు.

"బిగించే ముందే గీసి చూడాల్సింది. ఆ పాతవే ఉండి ఉంటే..." అన్నాడు.

"పిల్ల తియ్యలేదు. నేనే. బండివాడికి ఇచ్చేశాను" అంది ఇజ్జా. "కొత్తవైతే ఆవిడ మళ్ళీ రాదనుకున్నా."

"లల్లా మీమూనా గురించా?" అన్నాడు హమ్మూ. "నేను పాతవి వేద్దామన్నది కూడా అందుకే ఇజ్జా. మళ్ళీ రాకుండా ఉండాలనే. మాటిమాటికీ రిపేరంటే ఆవిడ తట్టుకోలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, రోడ్డు మీద ఖాళీ ఆపిల్ లారీని ఆపి, కనుమ వైపు వెళ్ళిపోయాడు.

అలా ఇజ్జా తన మొగుణ్ణి తన చేతులారా ఆవిడ వెనకే పంపుకుంది.

ఇప్పుడు ఆమె మేడ మీద యామ్నాని చంకనేసుకుని నిలబడి ఉంది. మీమూనా ఫోనూ మోగదు, హమ్మూ ఫోనూ మోగదు. ఏ డీజిల్ బండి మలుపు తిరిగినా పిట్టగోడ మీంచి వంగి చూస్తోంది. ఆ టాక్సీ రాకూడదని మొక్కుకున్న నోటితోనే, రావాలి, రావాలి అంటోంది. అంటూనే, వాళ్ళిద్దరూ ఒకే బండిలో, ఆ చలిలో, అని కూడా అనుకుంటోంది. ఏం చేస్తుంది మరి.

మీలో ఎవరైనా ఆ కనుమ దాటి మిదెల్త్ వైపు వెళ్తుంటే, దారి పక్కన బానెట్ ఎత్తి ఉన్న పాత టాక్సీ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. గట్టిగా నవ్వే ఆడమనిషి ఉంటే ఆమే మీమూనా. దెబ్బలేమైనా తగిలాయేమో, ఏమైనా తిన్నదో లేదో అడగండి. పక్కన మేస్త్రీ ఉంటే ఎంత దగ్గరగా కూర్చున్నాడో ఇజ్జాకి చెప్తే చెప్పండి, లేకపోతే మానెయ్యండి. ముందు మాత్రం ఆవిడ ఎలా ఉందో చూడండి.