టైరు మీది బొట్టు

మా కారు టైర్లు అరిగి నున్నగా అయ్యాయి. మొన్న వానలో మెట్టుగడ్డ దగ్గర ఆటో అడ్డమొస్తే మా బిడ్డ నిహారిక బ్రేకు తొక్కింది. బండి ఆగకుండా డివైడరు దాకా జారింది. దైవకృపతో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తను రోజూ పొద్దున్నే ఆ కారులోనే దవాఖానలో ల్యాబు డ్యూటీకి పోవాలి. మహబూబ్‌నగర్ ఊర్లో తిరిగే పాత బండికి ఖరీదైన టైర్లు ఎందుకని, అగ్గువలో దొరికేవి చూద్దామని ఇద్దరం బయలుదేరాం.

శ్రీశైలం మా శనివారం భజనలో తాళాలు వేస్తాడు. ఈ మధ్యనే టైర్ల దుకాణం పెట్టాడు. వేరే దుకాణాల్లో ధరలు అడిగి, అతని దగ్గరికి పోయాం.

"రా భీమన్నా! నీ కోసమే పక్కకు పెట్టిన," అంటూ గోడకు ఆనించిన నాలుగు టైర్లు చూపించాడు. నాలుగింటికీ ఇంత పసుపు రాసి, ఆ పసుపు మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి ఉంది. "మొన్న అమాసకు ఆలంపూర్ పోయిన గద. వీటిని గూడ వ్యాన్ల ఏసుకపోయి జోగులాంబ తల్లి ముంగట పూజ చేయించుకొచ్చిన. ఊర్ల తిరగనీకె ఇంతకన్న మంచియి దొరకయి."

ధర చెప్పాడు. వేరే దుకాణాల్లో అడిగినదానికంటే చాలా తక్కువ. సంతోషపడాల్సింది పోయి నాకు గుబులు పట్టుకుంది. ఇంత అగ్గువకు ఎట్లా ఇస్తున్నాడు? అమ్మవారి పేరు ఎత్తిన మనిషిని అనుమానించడం పాపమేమో అనుకున్నాను. మనసులోనే చెంపలు వేసుకున్నాను. అయినా గుబులు పోలేదు.

నిహారిక కింద కూర్చుని ఫోను లైటు వేసి టైర్లను అటూఇటూ తిప్పి చూస్తోంది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"ఎప్పుడు తయారయిందో టైరు మీదనే ఉంటది బాపు. నాలుగు అంకెలు. ముందు రెండు వారం, ఎనక రెండు సంవత్సరం. పాతదయితే రబ్బరు గట్టిపడ్తది. సూడనీకె కొత్తగనే ఉంటది గని వానల పట్టుండదు."

"దొరికినయా?"

"ఈ పక్క లెవ్వు, ఆ పక్క లెవ్వు. ఇగ ఈ పసుపు కిందనే ఉండాలె." గోటితో గీకబోయింది.

"తుడవకు బిడ్డా!" అని గట్టిగా అరిచాను.

"గట్ల చెప్పన్నా," అన్నాడు శ్రీశైలం. "అమ్మవారి బొట్టు. తుడిస్తె అపచారం. ఇగ బండి జాకీ మీదికి ఎక్కియ్యమంటవా?"

నిహారిక నా ముఖంలోకి చూసింది. సరే అంటే రేపటి నుంచి ఆ టైర్ల మీద వానలో పోయేది నా బిడ్డ. తుడవమంటే తల్లికి కోపం తెప్పించినవాణ్ణవుతాను. టైర్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కనపడింది. ఒకదానికి బొట్టు కంపెనీ పేరు పక్కన ఉంది. ఇంకొకదానికి సైజు అంకెల కింద, మరొకదానికి అంచుకు దగ్గరగా. నేను రోజూ గడపకు బొట్లు పెడతాను. వరుసగా, సమంగా పెడతాను. పూజ చేసే చెయ్యి ఒక్కో టైరుకు ఒక్కో చోట ఎందుకు వెతుక్కుంది?

"శ్రీశైలం, జర ఒక చెంబెడు నీళ్ళియ్యి."

"ఎందుకన్నా?"

"గుళ్ళె పొద్దుగాల పూజారి ఏం చేస్తడు? నిన్నటి పూలు, నిన్నటి పసుపు తీసి కడుగుతడు గద. నిర్మాల్యం తీసినందుకు తల్లి కోపం చేస్తదా? నేను గూడ కడిగి, ఇంటికాడ మళ్ళ పూజ చేస్కుంట."

అతను కదల్లేదు. మా సీసాలోని నీళ్ళే పోసి, తల్లికి దండం పెట్టుకుని నా చేత్తోనే కడిగాను. నిహారిక వంగి చదివింది.

"పందొమ్మిది. ఇదీ పందొమ్మిదే. ఆరేండ్లాయె బాపు."

"ఒక్క కిలోమీటరు తిరగలే!" అన్నాడు శ్రీశైలం. "గోదాంల నీడకున్నయి. గుడికి పోయొచ్చిన సరుకుకు పాతేంది, కొత్తేంది?"

"బ్రేకు తొక్కేది నేను కాకా," అంది నిహారిక.

కాసేపు గునిసి, లోపలి నుంచి వేరే టైర్లు దొర్లించుకొచ్చాడు. అవీ చిన్న కంపెనీవే. ధర కొంచెం ఎక్కువ. వాటి మీద బొట్టు లేదు. అంకెలు నిహారిక చదివింది, నేనూ చదివాను. ఈ ఏడాదివే.

"ఇవి ముందుగాల ఎందుకు సూపియ్యలే?" అని అడిగాను.

"మీరు దేవుని మనుషులు గదన్నా. అందుకే అవి సూపిచ్చిన."

అది గౌరవమా, లెక్కా? అతని ముఖంలో నాకేమీ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

టైర్లు బిగించాక నిహారిక స్టీరింగు పట్టింది. దుకాణం ముందే కొంచెం వేగం అందుకుని బ్రేకు గట్టిగా తొక్కమన్నాను. బండి అటూ ఇటూ పోకుండా ఉన్నచోటే ఆగింది.

"పోదామా బాపు?"

వెనక్కి తిరిగి చూశాను. శ్రీశైలం మేము వద్దన్న ఆ నాలుగు టైర్లను గుడ్డతో తుడిచి, పసుపు గిన్నె పక్కన పెట్టుకుని, ఒక్కో టైరును తిప్పుతూ నిహారిక లాగే అంకెల కోసం వెతుకుతున్నాడు.

"ఆపు బిడ్డా," అని తలుపు తీసుకుని దిగాను.