తెర వెనక గొంతు

ఏమయ్యా రాకేషూ, పెళ్లానికి ప్రమోషన్ వస్తే స్వీట్లు పంచాల్సింది పోయి ఆ ముఖమేంటి, పన్ను నొప్పి వచ్చినట్టు? ఇలా కూర్చో అల్లుడూ. ఈ రోగం మీ మామకి ముందే వచ్చింది.

మీ భవాని అత్త నాటకాల్లో హీరోయిన్. నేను అదే ట్రూపులో ప్రాంప్టర్ని. తెర వెనక నిలబడి మాటలందించేవాణ్ణి. చప్పట్లు ఆమెకి, గొంతు నొప్పి నాకు. రెండు సినిమాల్లో కూడా వేసింది. పెళ్లయ్యాక ఇల్లెవరు చూస్తారని మాన్పించాను. పదేళ్లు బోరబండలో వండింది, ఉతికింది, మా అమ్మకు కాళ్లు పట్టింది. కూర బాగుందని కూడా నేను అనలేదు. అంటే అదీ చప్పట్లలోకే వస్తుందని భయం.

నేను హైటెక్ సిటీకి ఆఫీసు బస్సు నడుపుతానా, ఈ తొంభై తొమ్మిది జనవరిలో అక్కడి గాజు మేడ ముందు షూటింగ్ పెట్టారు. ఆమెను ఆటపట్టిద్దామని బుద్ధి పుట్టింది. ఎస్టీడీ బూత్ నుంచి మా ఇంటి ఓనరు కనకమ్మగారికి ఫోన్ చేసి భవానిని పిలిపించాను. రిసీవర్‌కి రుమాలు అడ్డం పెట్టి, కోస్తా వాళ్ల మాట తెచ్చుకున్నాను. "సినిమా కంపెనీ మేనేజర్నండి. తల్లి వేషం ఉందండి. రేపు పదింటికి మాదాపూర్ రావాలండి."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"మా ఆయన పంపడు సారూ."

"ఎందుకండి?"

"ఇంటి పనని చెప్తడు. గదేం కాదు. నాకు చప్పట్లు పడితే ఓర్వడు. నేను మంచిగ చేస్తనని అందరికన్నా ఆయనకే ఎక్కువ ఎరుక. గందుకే ఆపిండు. పదేండ్లసంది కుక్కర్ కూత పెట్టినప్పుడు, ఎవ్వరికి ఇనబడకుంట డైలాగులు చెప్పుకుంటున్న సారూ."

మేనేజర్ని కదా, కోప్పడటానికి లేదు. పంపిస్తాడులెండి అని పెట్టేశాను. ఇక అది పరాచికం కాదు, కసి.

తెల్లారి పట్టుచీర కట్టుకుని, పోవచ్చా అని అడిగింది. పొమ్మన్నాను. వంట నేను చూసుకుంటానని కూడా అన్నాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు వెనక్కి తోలితే చూద్దామని బస్సు పక్కకు ఆపి నిలబడ్డాను.

గేటు తీశారు. డైరెక్టర్ ఎదురొచ్చాడు. ఆమె నాలుగు మాటలు చెప్పేసరికి లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం జేబుల్లోంచి రాలేదు.

సాయంత్రం నిలదీస్తే చెప్పింది. ట్రూపులో పాత స్నేహితురాలు జ్యోతి తీసుకుపోతే, వారం కిందే ఆ సినిమాలోనే వేషం ఖాయమైందట. ఏ రోజొచ్చినా సరే అన్నారట. నన్నెలా ఒప్పించాలా అని తిరుగుతుంటే నా ఫోన్ వచ్చిందట.

"నేనని ఎరుకేనా?"

"ఆనాడు తెర ఎనకకెళ్లి గన్ని మాటలందించిన గొంతు. 'అండి' అని తగిలిస్తే మారుతదా?"

అయినా వదలకుండా అడిగాను. "ఎరుక ఉండి, మేనేజర్‌తోని నా గురించి గట్లెందుకు చెప్పినవ్?"

చెవి కమ్మలు తీస్తూ నావైపు తిరిగింది.

"మేనేజర్‌తోని ఎవరు చెప్పిన్రు? నీతోనే చెప్పిన."